పెన్షన్ కాగితంలోని ర్యాంకు గడి గారికి

మహారాజశ్రీ ర్యాంకు గడి గారికి,

జై హింద్. సావధాన్‌లో నిలబడి రాస్తున్నాను. నిజానికి మోకాళ్ల నొప్పుల వల్ల కూర్చునే రాస్తున్నాను కానీ, తమకు రాసే ఉత్తరంలో నిజం కన్నా పద్ధతి ముఖ్యమని ఇన్నేళ్లలో నేర్చుకున్నాను.

తమరు నా పెన్షన్ కాగితంలో, నా పేరు పక్కన, రెండు వేళ్ల వెడల్పున కొలువై ఉన్నారు. తమ కడుపులో 'హవల్దార్' అని ఉంది. 2003లో ఆ కాగితం పుట్టినప్పుడు అది అక్షరాలా నిజం. 1979లో సిపాయిగా చేరి, 24 ఏళ్లు చేసి, జబ్బ మీద మూడు పట్టీలతో ఊరికి వచ్చాను. మరుసటి ఏడాది పోస్టులో ఒక ఉత్తరం వచ్చింది. నాకు గౌరవ నాయబ్ సుబేదార్ హోదా ఇచ్చారట, అంటే హవల్దార్ పై మెట్టు, భుజాన ఒక నక్షత్రం. పోస్ట్‌మ్యాన్ మామూలు తీసుకుని మరీ చదివి వినిపించాడు. మా అమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది.

సర్వీసులో ఉండగా నక్షత్రం వస్తే పెద్ద సాబులు స్వయంగా భుజానికి పెడతారు, లడ్డూలు పంచుతారు. నాది ఇంటికి వచ్చాక వచ్చిన నక్షత్రం. కనుక సికింద్రాబాద్ వెళ్లినప్పుడు మిలిటరీ బట్టలు కుట్టే దుకాణంలో నేనే కొనుక్కున్నాను. ఒకటి ఇమ్మంటే దుకాణదారు జత కొనమన్నాడు, భుజాలు రెండు కదా అని. ఇత్తడివి. మా ఆవిడ వాటిని దేవుడి గూట్లో వెంకటేశ్వరస్వామి పటం పక్కన పెట్టింది. కుందులు తోమే రోజున వాటికీ చింతపండు పట్టిస్తుంది. మన సైన్యం మొత్తంలో చింతపండుతో మెరిసే నక్షత్రాలు ఈ రెండే అయి ఉంటాయి.

మాది మిలిటరీ మాధవరం లాగా ఇంటింటికీ సైనికుడున్న ఊరు కాదు. ఉన్నది నేనొక్కణ్నే. అందుకని ఉత్తరం వచ్చిన మర్నాటి నుంచే పాలవాడితో సహా ఊరంతా 'సుబేదారు గారూ' అనడం మొదలుపెట్టింది. 'నాయబ్' అన్న ముక్కను వాళ్లే ఎగరగొట్టి ఇంకో మెట్టు పైకి ఎక్కించారు. ఊరు అలా ధారాళంగా ఇచ్చేసిన దానిలో సగం ఇవ్వడానికి తమరు ఇప్పటికీ ఆలోచిస్తున్నారు.

అప్పట్లో తమతో నాకు తగాదా లేదు. గౌరవ హోదా అంటే గౌరవమే, పెన్షన్ మాత్రం హవల్దార్‌దే అన్నారు, సరే అన్నాను. ఆరో వేతన సంఘం పుణ్యమా అని గౌరవానికి డబ్బు అంటుకుంది. 2006 జనవరి 1 నుంచి గౌరవ నాయబ్ సుబేదార్లకు నాయబ్ సుబేదార్ పెన్షనే ఇవ్వాలన్నారు. మొదట ఆ తేదీ తర్వాత సర్వీసు నుంచి దిగినవాళ్లకే అన్నారు. అంతకుముందు దిగినవాళ్లకూ ఇవ్వాలని 2010లో సాయుధ దళాల ట్రిబ్యునల్ తేల్చింది. అదే ఏడాది సుప్రీంకోర్టు కూడా ప్రభుత్వ అప్పీలును కొట్టివేసింది. ఇంకేం, దేవుడు వరమిచ్చాడు, పూజారి కూడా వరమిచ్చాడు అనుకున్నాను. గర్భగుడి తలుపు తాళంచెవి తమ దగ్గర ఉందని అప్పటికి నాకు తెలియదు.

మొదటి అర్జీకి వచ్చిన జవాబు: 'మా రికార్డులో మీరు హవల్దార్. కోరిజెండం కావాలంటే ఆధారం పంపండి.' ఆ మాట విని మా ఆవిడ అదేం జబ్బని కంగారుపడింది. పెన్షన్ కాగితంలో తప్పు దిద్దుతూ ఇచ్చే ఇంకో కాగితమని చెప్పాక కూడా ఆమె కంగారు పూర్తిగా పోలేదు. ఆమెదే సరైన అనుమానమని తర్వాత తెలిసింది.

ఆధారం పంపాను. గెజిటెడ్ అధికారి సంతకం లేదని తిరిగి వచ్చింది. మా ఊరికి అందుబాటులో ఉన్న ఏకైక గెజిటెడ్ అధికారి పశువుల డాక్టరు. ఆయన ఒక గేదెకు సూది వేసి, చేతులు కడుక్కుని, తడి ఆరకుండానే మూడు ప్రతుల మీద సంతకాలు పెట్టాడు. ఒక ప్రతి మీద ఆయన బొటనవేలి తడి ఇప్పటికీ కనిపిస్తుంది. నేను గౌరవ నాయబ్ సుబేదార్‌నని ఈ దేశంలో అధికారికంగా ధ్రువీకరించిన మొదటి వ్యక్తి ఆయనే.

దానికి జవాబు ఏడు నెలలకు వచ్చింది. కవరు మీద టైపు చేసిన చిరునామా చూసి మా అబ్బాయి 'నాన్నా, అయిపోయింది' అని కేక పెట్టాడు. 'గౌరవ నాయబ్ సుబేదార్' అని, ఆ తర్వాత నా పేరు, తప్పు లేకుండా ఉంది. కవరు చించి చూస్తే లోపల ఉత్తరం ఇలా ఉంది: 'మీకు గౌరవ నాయబ్ సుబేదార్ హోదా ఇచ్చినట్టు ఈ కార్యాలయ రికార్డులో లేదు.'

ఆ రాత్రి నేను కవరునూ ఉత్తరాన్నీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. ఒకే బల్ల మీద పుట్టిన కవలలు. ఒకడు నన్ను గుర్తుపట్టి సెల్యూట్ కొడుతున్నాడు, ఇంకొకడు ముఖం తిప్పుకుంటున్నాడు. మర్నాడు ఆ కవరునే ఆధారంగా జతపరిచి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. 'కవర్లు ఆధారంగా పరిగణించబడవు' అని జవాబు వచ్చింది. ఈసారి కవరు మీద కూడా 'మాజీ హవల్దార్' అనే ఉంది. తమ దగ్గర ఏ తప్పునైనా ఎంత త్వరగా సరిదిద్దగలరో ఆ రోజే చూశాను.

పది రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి, సమాచార హక్కు చట్టం కింద నా ర్యాంకు ఏమిటని కూడా అడిగాను. నా ర్యాంకు తెలుసుకోవడానికి నేను నేనేనని రుజువు పంపమన్నారు. రాత్రి కాపలాలో తుపాకీ ఎక్కుపెట్టిన సంత్రీ 'థమ్, కౌన్ ఆతా హై' అని అరుస్తాడు. 'దోస్త్' అని, ఆ రోజు గుర్తుమాట చెబితే దారి ఇస్తాడు. తూటా నింపిన తుపాకీ కన్నా తమరికి అనుమానం ఎక్కువ.

మాటల సంగతి వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. హవల్దార్ అంటే అప్పగించినదాన్ని బాధ్యతగా చూసుకునేవాడు. హవాలా అన్న మాటా అక్కడి నుంచి వచ్చిందే. కాగితం ముక్క లేకుండా హవాలా డబ్బు దేశాలు దాటుతోంది. కట్టల కొద్దీ కాగితాలున్న హవల్దార్ మాత్రం ఒక గుమాస్తా బల్ల దాటలేకపోతున్నాడు.

ఇంకొకటి. నాయబ్ సుబేదార్‌ను పూర్వం జమేదార్ అనేవారు. 1965లో ఆ పేరు తీసేశారు. ఒక్క ఉత్తర్వుతో దేశంలోని జమేదార్లందరూ నాయబ్ సుబేదార్లు అయిపోయారు. వాళ్లలో ఎవరూ పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లినట్టు నేను వినలేదు. కంప్యూటర్ లేని రోజుల్లో అంతమందికి జరిగిన పని, ఇప్పుడు ఒక్కడికి జరగాలి.

కంప్యూటర్ అన్నాను కనుక అదీ విన్నవిస్తాను. పెన్షన్లన్నీ కొత్త పద్ధతిలోకి మార్చినప్పుడు తప్పులన్నీ పోతాయని చెప్పారు. తమ కడుపులోని తప్పును ఒక్క అక్షరం పోకుండా కొత్త గడిలోకి దించారు. నా ఇంటిపేరులో మాత్రం ఒక అక్షరం పోగొట్టారు. ఆ అక్షరం సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను, ఒక అర్జీలో ఒకే విషయం ఉండాలి కదా.

2014 జూలై 1 నుంచి ఒకే ర్యాంకు, ఒకే పెన్షన్ అన్నారు. ఆ పట్టికల్లో అడ్డంగా ర్యాంకు, నిలువుగా సర్వీసు ఏళ్లు ఉంటాయి. నా ఏళ్ల దగ్గర వేలు పెట్టి పక్కకు జరుపుతూ పోతే హవల్దార్ అంకె వస్తుంది, దాని పక్కనే నాయబ్ సుబేదార్ అంకె. కాగితం మీద దూరం ఒక అంగుళం. నెలకు మా ఇంట్లో గ్యాసు బండ, నా బీపీ మాత్రలు కలిపితే ఎంతో, దాదాపు అంత.

ప్రతి నవంబరులో నేను బతికే ఉన్నానని నిరూపించుకుంటాను. యంత్రం మీద వేలు పెడితే రెండు నిమిషాల్లో ఒప్పుకుంటుంది. పోయిన నవంబరులో గీతలు అరిగిపోయి వేలు పడలేదు, కన్ను చూపించమన్నారు, చూపించాను, బతికే ఉన్నానన్నారు. పక్కన మా ఆవిడ నిలబడి ఉంది. రేపు ఆమె పేరున వచ్చే కుటుంబ పెన్షన్‌ను కూడా తమ కడుపులో ఉన్న మాటను చూసే లెక్క కడతారు. బయటికి వచ్చాక ఆమె అడిగింది, 'నీ కన్ను చూపిస్తే ర్యాంకు కూడా కనబడదా?' అని. నేనేం చెప్పను!

అర్జీలో సంతకం కింద ర్యాంకు రాయడం నియమం. నేను నాయబ్ సుబేదార్ అని రాస్తే రికార్డుతో సరిపోలలేదని తిప్పి పంపుతారు. హవల్దార్ అని రాస్తే, మీరే ఒప్పుకున్నారు కదా అంటారు. అందుకని ఈసారి ఆ చోటు ఖాళీగా వదిలేశాను. తమకు ఏది తోస్తే అది నింపుకోవచ్చు.

ఇట్లు,
తమ విధేయుడు,
(ర్యాంకు:                    )

జత: చించిన కవరు ఒకటి, పాతది. తమరు తిప్పి పంపినదే. చిరునామా వైపు చదవగలరు.