మాఫీకి మళ్లీ అర్జీ ఎందుకు?

అమెరికాలో మోటెలో, గ్యాస్ స్టేషనో నడిపే మనవాళ్లకు పీపీపీ లోన్ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. కోవిడ్ కాలంలో చిన్న వ్యాపారాలు జీతాలు ఆపకుండా ఉండాలని ప్రభుత్వం ఇప్పించిన లోన్ అది. 2020 ఏప్రిల్‌లో మొదటి విడత 349 బిలియన్ డాలర్లు రెండు వారాలు తిరక్కుండానే అయిపోయాయి. డబ్బులో కనీసం 60 శాతం జీతాలకు ఖర్చు పెడితే లోన్ మాఫీ చేస్తామన్నారు. మొదట 75 శాతం అన్నారు, జూన్‌లో తగ్గించారు.

పేరుకు లోన్, నిజానికి గ్రాంటు. మరి ఆ గ్రాంటు కోసం రెండోసారి అర్జీ పెట్టించడం దేనికి?

మేలో వచ్చిన మొదటి మాఫీ ఫారం 11 పేజీలు. నలుగురు పనివాళ్లున్న దోశల హోటల్ యజమాని కూర్చుని ఎవరెన్ని గంటలు చేశారు, ఎవరి జీతం ఎంత శాతం తగ్గిందని లెక్కలు కట్టాలి. లేదా సీపీఏకి, అంటే లెక్కలు చూసే అకౌంటెంటుకి, ఫీజు కట్టాలి. డిసెంబరులో కొత్త చట్టం తెచ్చి, లక్షన్నర డాలర్ల లోపు లోన్లకు ఒక్క పేజీ చాలన్నారు. ఒక్క పేజీ చాలితే, మిగతా పది పేజీలు ఎవరి కోసం?

అసలు ఆ పేజీ కూడా అనవసరమే. ప్రతి మూడు నెలలకూ యజమాని జీతాల పన్ను లెక్క, ఫారం 941, దాఖలు చేస్తాడు. ఎంతమంది ఉద్యోగులు, ఎంత జీతం, ఎంత పన్ను పట్టారు అన్నీ అందులోనే ఉంటాయి. ఉద్యోగులు లేని టాక్సీ డ్రైవర్ అయితే సొంత వ్యాపార ఆదాయం చూపే షెడ్యూల్ సి ఉంది. రెండూ పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ దగ్గరే ఉన్నాయి. లోన్ ఇప్పించిన శాఖ ఆ శాఖను అడగాల్సింది పోయి, వ్యాపారిని అడిగింది. లోన్ డబ్బు ఖర్చు పెట్టాల్సిన గడువు ముగిశాక పది నెలల్లో మాఫీకి అర్జీ పెట్టకపోతే వాయిదాలు మొదలయ్యేవి. అంటే మర్చిపోయినవాడు బాకీదారు!

మోసాలు జరిగాయి కదా అంటారు. జరిగాయి, బిలియన్లలోనే. కానీ దొంగలు దూరింది లోన్ ఇచ్చేటప్పుడు తెరిచిపెట్టిన గుమ్మంలోంచి. లేని కంపెనీకి లోన్ పుట్టించినవాడికి 11 పేజీలు నింపడం ఒక లెక్కా?

ఈ జబ్బు అమెరికాకే పరిమితం కాదు. 2024లో తెలంగాణలో 2 లక్షల వరకు పంట రుణాలు మాఫీ చేస్తూ, కుటుంబాన్ని తేల్చడానికి రేషన్ కార్డు పెట్టారు. కార్డు లేనివాళ్లు, ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకులో ఇంకో పేరు ఉన్నవాళ్లు ఆగిపోయారు. పాసుపుస్తకం ఇచ్చింది ప్రభుత్వం, ఆధార్ ఇచ్చిందీ ప్రభుత్వమే. జిరాక్సులు పట్టుకుని వ్యవసాయాధికారి చుట్టూ తిరిగింది మాత్రం రైతు.