అడవి ఎవరిది, జర్నల్ ఎవరిది?

ఉష్ణమండల జీవశాస్త్రం, ప్రకృతి సంరక్షణ మీద పరిశోధన వ్యాసాలు వేసే జర్నళ్లు ఒకదాని వెనుక ఒకటి రచయిత దగ్గరే ఫీజు గుంజే దారి పడుతున్నాయి. ఇంతకుముందు చదివేవాళ్లు చందా కట్టేవారు, ఇప్పుడు రాసేవాళ్లు కట్టాలి. అందరూ ఉచితంగా చదువుకోవచ్చు కదా అంటున్నారు. చదవొచ్చు, నిజమే. రాయడమే కుదరదు! అడవి ఉన్న దేశాల వాళ్లే ఆ అడవి గురించి రాయలేకపోవడం ఏం న్యాయం?

పనామాలోని బారో కొలరాడో దీవిలో పరిశోధన కోసం గిరిగీసిన 50 హెక్టార్ల అడవి ముక్క ఉంది. అందులో ఒక సెంటీమీటరు మందం దాటిన ప్రతి చెట్టుకూ నంబరు బిళ్ల కట్టారు. 1980ల మొదటి నుంచి సుమారు ఐదేళ్లకోసారి వెళ్లి, నేలకు 1.3 మీటర్ల ఎత్తున ఆ కాండాలను కొలిచి రాసుకొస్తున్నారు. అంకెలో అనుమానం వస్తే బురదలో మళ్లీ అదే చెట్టు దగ్గరికి నడవాలి. అమెజాన్‌లోనైనా, కాంగోలోనైనా స్థానికులు లేనిదే ఈ చాకిరీ సాగదు. ఇంత చేసి వ్యాసం పంపితే, అది అచ్చు కావడానికి వేల డాలర్లు కట్టమంటున్నారు.

జర్నల్ నడపాలంటే ఖర్చవుతుంది, పేద దేశాలకు మినహాయింపు ఇస్తున్నాం అని ప్రచురణకర్తలు అంటారు. ఆ మినహాయింపులు ఎక్కువగా దేశాల ఆదాయం చూసి ఇచ్చేవి. అమెజాన్‌లో సగానికి పైగా ఉన్న బ్రెజిల్ లెక్క ప్రకారం పేద దేశం కాదు. అక్కడి పరిశోధక విద్యార్థి జేబు సంగతి ఆ లెక్కకు పట్టదు. రాయితీ కోసం ప్రతిసారీ అర్జీ పెట్టుకుని ఎదురుచూడాలా?

పైగా వ్యాసాలను సమీక్షించేవాళ్లకు సాధారణంగా పైసా ఇవ్వరు. 2023లో, ఏ జీవి ఎక్కడ ఎందుకు ఉంటుందో చర్చించే జర్నల్ ఆఫ్ బయోజియోగ్రఫీ సహ సంపాదకులు ఫీజుల భారం వంటి కారణాలతో మూకుమ్మడిగా తప్పుకున్నారు. వాళ్లకు ఉన్న పట్టింపు మిగతావాళ్లకు ఎందుకు లేదు? బయటి నుంచి దిగి, సమాచారం పట్టుకుపోయే పద్ధతిని పారాచూట్ సైన్స్ అని తిట్టే వ్యాసాలు ఈ రంగం జర్నళ్లలోనే వస్తుంటాయి. స్థానికుడి పేరు వ్యాసం మీద ఉండాలని ఒక పేజీలో చెప్పి, ఆ పేరుకు మరో పేజీలో రేటు కడతారా?

పెద్ద కంపెనీ లేనిదే జర్నల్ నడవదన్న మాట నమ్మనక్కర్లేదు. కోస్టారికా విశ్వవిద్యాలయం 1953 నుంచి తన ఉష్ణమండల జీవశాస్త్ర పత్రికను తానే తెస్తోంది. శాస్త్రవేత్తల సంఘం నిధులో, గ్రంథాలయాలు చందాలకు పోసే సొమ్మో, విశ్వవిద్యాలయాల సాయమో, ఏదో ఒక దారి వెతకండి. రచయిత మీద మాత్రం పడకండి. అది కూడా చేతకాకపోతే, అట్ట మీద నుంచి ‘ఉష్ణమండల’ అన్న మాట తీసేయండి.