చెట్లకూ వానకూ సంబంధం లేదన్న మెసేజ్‌కు జవాబు

"చెట్లకూ వానకూ సంబంధం లేదు. వాన మొత్తం సముద్రం నుంచే వస్తది. వాన పడ్డ చోట అడవి పెరిగింది గానీ, అడవి ఉన్నందుకు వాన పడలేదు. పైగా చెట్లు నీళ్లు తాగి చెరువులను ఎండబెడతయి." వరంగల్, ములుగు వైపు రైతుల గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఇది. నమ్మి పోడు కొట్టేవాళ్లు, గట్టు మీది వేపను అమ్మేవాళ్లు ఉంటారని నా భయం. అందుకే రాస్తున్నాను.

సముద్రం మాట సగం నిజం. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్లు కురిసింది. అది బంగాళాఖాతం అల్పపీడనం తెచ్చిన వాన. ఏ అడవీ అంత నీళ్లు ఇవ్వలేదు. తప్పంతా "మొత్తం" అన్న మాటలో ఉంది. ప్రపంచంలో నేల మీద కురిసే వానలో సుమారు 40 శాతం నేల మీది నుంచి లేచిన ఆవిరేనని అంచనా. సముద్రం తెచ్చిన నీళ్లు ఒకసారి కురిసి, ఆవిరై లేచి, ఇంకో చోట మళ్లీ కురుస్తాయి. గంగా మైదానంలో వానాకాలం చివర పడే వానలో 20 నుంచి 25 శాతం ఇలా తిరిగొచ్చిందేనని ఐఐటీ బొంబాయి పరిశోధకులు లెక్కగట్టారు. ఆ అంకె గంగది, మనకు అంటగట్టను. జరిగే పని మాత్రం ఇక్కడా అదే.

ఆకు ఆవిరి ఇస్తుందా అని అనుమానముంటే, పొద్దున వేపకొమ్మకు ప్లాస్టిక్ కవర్ కట్టి మధ్యాహ్నం చూడండి, లోపల చుక్కలు కనిపిస్తాయి. బడి పుస్తకంలో బాష్పోత్సేకం అని చదివింది ఇదే. వేరు పీల్చిన నీళ్లలో నూటికి 95కు పైగా ఆకుల రంధ్రాల నుంచి గాలిలోకే పోతాయి. మృగశిర కార్తెలో పత్తి ఇంకా రెండాకుల మీద ఉంటుంది, చేనంతా ఖాళీ మట్టే. నాలుగు రోజులు వాన ఆగితే ఆ పైమట్టి ఎండిపోతుంది, ఆవిరీ ఆగుతుంది. చెట్టు వేరు లోతుకు పోతుంది కాబట్టి ఎండకు అందని తేమను కూడా పైకి తెస్తుంది. మఖ, పుబ్బ కార్తెలనాటికి పత్తి, మక్క కూడా గుబురుగా పెరిగి అదే పని చేస్తాయి. చెట్టుకు పంట శత్రువని నేననడం లేదు.

వాన వల్లే అడవి పెరిగిందా? అవును, పెరిగింది. పెరిగిన అడవి ఆ వానలో కొంత తిరిగి ఇస్తుంది. అమెజాన్‌లో కురిసే వానలో దాదాపు సగం ఆ అడవి తిరిగిచ్చిందేనని 1970ల్లోనే బ్రెజిల్ శాస్త్రవేత్త ఎనియాస్ సలాతి బృందం చూపింది.

చెట్లు నీళ్లు తాగుతాయి, నిజమే. జామాయిల్ తోట పక్క బావి రైతు బాధ కూడా నిజమే. కానీ పాఖాల, లక్నవరం చెరువుల్లోకి నీళ్లు వచ్చేది అడవిలోంచే. ఆకు రాలిన అడవి నేలలో వాన ఇంకుతుంది, ఊట మెల్లగా దిగుతుంది. బోడి గుట్ట మీద పడిన వాన ఒక్కపూటలో వరదై, మట్టిని తెచ్చి చెరువులో పూడిక నింపుతుంది.

ఎదుటి పక్షం మెసేజ్ కూడా ఒకటి తిరుగుతోంది: ఊరి చుట్టూ వెయ్యి మొక్కలు నాటితే మన ఊళ్లోనే వాన పడుతుందని. అదీ సరి కాదు. వానాకాలంలో మనకు ఎక్కువగా పడమటి గాలి. తాడ్వాయి అడవి విడిచిన తేమ గోదావరి దాటి బస్తర్ వైపు పోవచ్చు. మన చేనులో పడ్డ చినుకులో పడమటి పొలాల, అడవుల తేమ ఉండవచ్చు.