దడ ఆగాక తీసే ఈసీజీ దేనికి?

మా పిన్నికి పదకొండేళ్ల పాటు గుండె దడ ఉండేది. రెండు మూడు నెలలకోసారి ఉన్నట్టుండి స్విచ్ వేసినట్టు మొదలయ్యేది. మెడలో నరాలు టపటపా కొట్టుకునేవి, ఒళ్లంతా చెమటలు పట్టేవి. అరగంటకో గంటకో స్విచ్ కట్టేసినట్టు ఆగిపోయేది. ఆస్పత్రికి చేరేసరికి గుండె మామూలే. ఈసీజీ నార్మల్, ఎకో నార్మల్. గుండె కొట్టుకోవడాన్ని ఆగకుండా రికార్డు చేసే హోల్టర్ అనే చిన్న మెషిన్ 24 గంటలు కట్టారు. ఆ 24 గంటలూ గుండె బుద్ధిగా కొట్టుకుంది. యాంజియో కూడా చేసి బ్లాకులు లేవన్నారు. "టెన్షన్ తగ్గించుకోమ్మా, ఊరికే ఆలోచించకు" అని రాత్రి వేసుకోవడానికి ఒక మాత్ర రాసిచ్చారు. ఇంట్లో మేమూ అదే నమ్మాం. నమ్మడం తేలిక కదా.

గుండె అనగానే మనకు గుర్తొచ్చేవి రెండే మాటలు: బ్లాకు, స్టెంటు. 2017లో కేంద్రం స్టెంట్ల ధరకు కళ్లెం వేస్తే అది టీకొట్టు దగ్గర కూడా చర్చ అయింది. గుండెకు కరెంటు జబ్బు కూడా ఉంటుందని, దాన్ని చూసే డాక్టరు వేరే ఉంటారని, ఆయన్ను ఎలక్ట్రోఫిజియాలజిస్ట్ అంటారని చదువుకున్నవాళ్లలోనూ చాలామందికి తెలియదు. ఆ పేరు పలకడమే కష్టం కాబట్టి ఈపీ డాక్టరు అందాం. ఆయన పనంతా కోట్ల రూపాయల ల్యాబు మీద ఆధారపడిందని అనుకుంటాం. కాదు. ఒక చిన్న కాగితం ముక్క మీద ఆధారపడింది. దడ ఉన్నప్పుడు తీసిన ఈసీజీ అది. దాన్నే మనం పారేస్తున్నాం.

పిన్నికి ఉన్నదేమిటో చెబుతాను. గుండె పై గదుల నుంచి కింది గదులకు కరెంటు ఒకే దారిలో దిగాలి. కొందరికి ఆ కూడలి దగ్గర రెండు దారులుంటాయి. ఒక దారిలో దిగిన కరెంటు రెండో దారిలో పైకెక్కి అక్కడికక్కడే గిరగిరా తిరుగుతుంది, గుండె నిమిషానికి 180, 200 సార్లు కొట్టుకుంటుంది. ఆడవాళ్లలో ఇది మగవాళ్ల కంటే దాదాపు రెట్టింపు. టెన్షన్ అనిపించుకునేదీ వాళ్లే. 1997లో అమెరికాలో ఇలాంటి దడ ఉన్న 107 మందిని పరిశీలిస్తే, 67 శాతం మంది లక్షణాలు పానిక్ డిజార్డర్, అంటే ఉన్నట్టుండి తీవ్రమైన భయం కమ్మేసే మానసిక జబ్బు, నిర్వచనానికి అతికినట్టు సరిపోయాయి. అంటే లక్షణాలు చూసి రెండిటినీ విడదీయలేం. విడదీసేది దడ ఉన్నప్పటి ఆ ఈసీజీ గీత ఒక్కటే.

అది చేతికొచ్చాక ఈపీ డాక్టరు చేసేది చూడాలి. తొడ మూలంలోని సిర గుండా సన్నటి తీగలు గుండెలోకి పంపి, కావాలనే దడ పుట్టిస్తారు. చాలాసార్లు పేషెంటు మెలకువగానే ఉంటారు. "ఇదేనా అమ్మా మీకొచ్చే దడ?" అని అడిగాడట డాక్టరు. "ఇదే బాబూ, ఇదే" అందట పిన్ని. పదకొండేళ్లలో ఆవిడను ఆ ప్రశ్న అడిగినవాడు ఆయనొక్కడే. తర్వాత ఆ అదనపు దారి మీద కొన్ని మిల్లీమీటర్ల మేర వేడితో కాల్చారు. ఈ రకం దడలో నూటికి 95 మందికి పైగా ఇంతటితో బయటపడతారు. ప్రమాదం బొత్తిగా లేదనను. అసలు దారికి దెబ్బ తగిలి పేస్‌మేకర్ పెట్టాల్సిన పరిస్థితి వందలో ఒకరికో, అంతకంటే తక్కువమందికో వస్తుంది.

కానీ అక్కడిదాకా వెళ్లడానికి కాగితం ఏదీ? క్యాజువాలిటీలో జరిగేది ఇది. దడతో వచ్చిన మనిషికి అడినోసిన్ ఇంజెక్షన్ ఇస్తారు. కొన్ని సెకన్లలో గుండె ఒక్కసారి ఆగినట్టై, మళ్లీ మామూలుగా కొట్టుకుంటుంది. ఆ ఆగిన క్షణంలో ఈసీజీ మెషిన్ నడుస్తూ ఉంటే, దడ ఏ దారిలో తిరిగిందో, ఎక్కడ తెగిందో ఈపీ డాక్టరు ఆ గీతలో చదవగలరు. మెషిన్ నడపరు. నడిపినా కాగితం చెత్తబుట్టలోకి పోతుంది. డిశ్చార్జి చీటీలో "ఎస్‌వీటీ రివర్టెడ్" (గుండె పైభాగంలో పుట్టిన దడ మామూలైంది) అని రెండు మాటలు రాస్తారు. దొంగను పట్టుకుని, ఫొటో కూడా తీయకుండా వదిలేసి, దొంగ దొరికాడని రిజిస్టరులో రాసుకున్నట్టుంది.

ఇంకో తమాషా కూడా ఉంది. ఈసీజీ కాగితాలు చాలావరకు వేడికి రంగు మారే రకం. ఊరికే ఉంచితే కొన్నేళ్లకు గీత వెలిసిపోతుంది. పాపం జాగ్రత్తపరులు లామినేషన్ చేయిస్తారు, ఆ వేడికి కాగితమంతా నల్లబడుతుంది.

దడ అన్న ప్రతివాళ్లనూ పెద్దాస్పత్రికి తరిమితే అక్కర్లేని ప్రొసీజర్లు పెరుగుతాయని కొందరు డాక్టర్లు అంటారు. న్యాయమైన భయమే. చాలా దడలకు కారణం రక్తహీనతో, థైరాయిడో, కాఫీయో, నిజంగానే ఆందోళనో. నేనడిగేది ప్రొసీజరు కాదు. దడ ఉండగానే పన్నెండు లీడ్ల (పన్నెండు కోణాల్లో గుండెను చూసే) ఈసీజీ తీయమని, కాపీ చేతికివ్వమని. ఈసీజీని కనిపెట్టిన ఐంతోవెన్‌కు నోబెల్ వచ్చింది 1924లో. నూరేళ్లు దాటిన విద్య ఇది, ఐదు నిమిషాల పని. అందులో గీత మామూలుగా ఉంటే అక్కర్లేని ప్రొసీజరు కూడా తప్పుతుంది.

పెద్దవాళ్ల విషయంలో ఇది ఇంకా గట్టిగా చెప్పాలి. గుండె పై గదులు క్రమం తప్పి వణికే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కూడా ఇలాగే వచ్చి పోతుంటుంది. పక్షవాతం ముప్పును అది దాదాపు ఐదు రెట్లు పెంచుతుంది. దాని ఈసీజీ తప్పిపోతే రక్తం పలచబరిచే మందు మొదలే కాదు. కొన్ని ఇళ్లలో జబ్బు బయటపడేది చెయ్యీ కాలూ పడిపోయిన రోజునే.

నాకు కోపం తెప్పించేది గుండె ఒక్కటే కాదు. ఈ దేశంలో మనిషి మాటకు కాగితం తోడుంటేనే విలువ. పొలం మనదేనని చెప్పడానికి పాసుపుస్తకం కావాలి. బతికే ఉన్నానని చెప్పడానికి కూడా పింఛనుదారు ఏటా సర్టిఫికెట్ చూపించాలి. ఇన్ని కాగితాలు అడిగే వ్యవస్థ, తన చేతిలో పుట్టిన కాగితాన్ని మాత్రం మనకివ్వదు. అడిగే చెయ్యే గానీ ఇచ్చే చెయ్యి లేదు. ఆరోగ్య ఖాతా పేరుతో మనకు 14 అంకెల ఆభా నంబరు ఇచ్చారు, సంతోషం. రాత్రి రెండింటికి క్యాజువాలిటీలో తీసిన ఈసీజీ అందులోకి ఎక్కనప్పుడు ఆ అంకెలు ఏం చేసుకోను? ప్రతి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరుకు ఒక్క ఆదేశం చాలు: దడ గీత లేని డిశ్చార్జి చీటీ చెల్లదు.

పిన్ని గీత దొరికింది కూడా అదృష్టం కొద్దీ. వీధి చివరి చిన్న క్లినిక్‌లో, డాక్టరు ఇంకా రాకముందే నర్సమ్మ తీగలు పెట్టి ఈసీజీ తీసేసింది. నిమిషానికి 190. మా తమ్ముడు దాన్ని ఫోనులో ఫొటో తీశాడు. ఈపీ డాక్టరు ఆ ఫొటోనే రెండు వేళ్లతో పెద్దది చేసి చూసి, రెండు నిమిషాల్లో తేల్చేశాడు. అసలు కాగితం ఇప్పటికీ పిన్ని బీరువాలో, చీరల షాపు కవరులో ఉంది. మొన్న తీసి చూశాం. గులాబీ రంగు గళ్లు మిగిలాయి, గీత చెరిగిపోయింది.