తాతగారి రైఫిల్‌కు మనవడి విన్నపం

మహారాజశ్రీ .315 రైఫిల్ గారి సముఖానికి,

తమరు ఈశాపూర్ తుపాకుల ఫ్యాక్టరీలో పుట్టారు. .303 గుండు సైన్యానిది, జనం చేతికి ఇవ్వకూడదని, ఇంచుమించు అదే ఒడ్డూ పొడుగుతో తమరికి .315 అవతారం ఎత్తించారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక తమరికి పనీ పాటా లేదు, హోదా మాత్రం ఉంది. మా ఇంట్లో ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారు గానీ, వాళ్లకెవరూ నూనె పట్టించరు.

ఈ ఏడు బాబాయికి తమరిని కొత్తగా ముస్తాబు చేయాలని బుద్ధి పుట్టింది. పాత వార్నిష్ గీకాడు. తమరి చెక్క మడమ మీది సొట్టలపై తడిగుడ్డ పరిచి, పిన్ని ఇస్త్రీపెట్టె ఆనించాడు. ఆవిరికి చెక్క ఉబ్బి సొట్టలు పైకి తేలాయి. (ఆ పెట్టెతోనే ఇస్త్రీ చేసిన పట్టుచీర సంగతి పిన్ని విడిగా రాస్తుంది.) ఆ పైన అవిసె నూనె. పలచగా పూసి, అరచేత్తో రుద్ది, ఆరనిచ్చి, మళ్లీ రుద్ది... సొంత మోకాళ్లకి కూడా ఇంత సేవ చేసుకోడు.

ఇనుము పని లైసెన్సున్న తుపాకుల మేస్త్రీది. గొట్టానికి కావాలనే తుప్పు పట్టించి, మరిగే నీళ్లలో ఉడికించాడు. ఎర్ర తుప్పు నల్లబడింది. పైపొడి బ్రష్‌తో రాల్చి, మళ్లీ మొదలు. నంబరు జోలికి మాత్రం పోలేదు. అది చెరిగితే కేసు. చివర్లో గొట్టంలోకి టార్చి వేసి, "గాడులు కొత్తవాటిలా ఉన్నాయండీ, ఇది పెద్దగా పేలినట్టు లేదు" అన్నాడు.

అయ్యా, మరి తాతగారు తమరితో కొట్టిన నల్లమల పులి? నా చిన్నప్పుడది 8 అడుగులు. అక్క పెళ్లికి 9. మొన్న గృహప్రవేశానికి 10. చచ్చాక ఎదిగిన పులి దేశంలో అదొక్కటే. మడమ మీది సొట్టలు కూడా అడవి రాళ్లకు తగిలినవనే చెప్పుకున్నాం. డిపాజిట్ రసీదుల కట్ట చూస్తే, ఎన్నికలొచ్చినప్పుడల్లా తమరు పోలీస్ స్టేషన్‌కి వెళ్లొస్తున్నారు. అడవికి వెళ్లినట్టు ఒక్క కాగితమూ లేదు.

బాబాయి తడబడలేదు. మేస్త్రీ చేతిలో డబ్బులు పెడుతూ, "ఒక్క గుండుకే పడింది మరి" అన్నాడు.

కాబట్టి తమరు కాస్త నోరు మూసుకుని ఉండాలని మనవి. మళ్లీ ఎన్నికలట. నూనె ఇంకా ఆరలేదు, పాత దుప్పటి చుట్టి పంపిస్తాం. స్టేషన్ రైటర్ గారు పులి గురించి అడిగితే, 10 అడుగులే చెప్పండి.

ఇట్లు,
తమరి రెన్యువల్ ఫారాలు నింపే మనవడు