మనిషికి హూ, వస్తువుకి విచ్: రిలేటివ్ క్లాజ్ అంతటితో తేలదు

రిలేటివ్ క్లాజుల గురించి, అంటే సాధారణంగా హూ, విచ్, దట్ లాంటి మాటలతో ముందున్న నామవాచకాన్ని వివరించే చిన్న వాక్యాల గురించి, ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్లు ఒకరికొకరు పంపుకునే చిట్కా ఒకటుంది. రూపాలు వేరైనా సారం ఇదే: "రిలేటివ్ క్లాజులు చాలా సులువు. మనిషైతే హూ, వస్తువైతే విచ్, చోటైతే వేర్. అనుమానం వస్తే దట్ పెట్టండి, ఎక్కడైనా సరిపోతుంది. అదీ బరువనిపిస్తే తీసెయ్యండి. ప్రిపోజిషన్ మాత్రం చివర ఉండకూడదు. కామా ఊపిరి పీల్చుకోవడానికే, కానీ విచ్ ముందు కామా లేకపోతే తప్పు. హూజ్ మనుషులకే." ఇందులో మొదటి ముక్క సగం నిజం. మిగతావి నమ్మి రాస్తే కొన్నిచోట్ల వాక్యం విరిగిపోతుంది, కొన్నిచోట్ల అర్థమే మారిపోతుంది.

"చోటైతే వేర్" అన్న మాటతోనే మొదలుపెడదాం, ఎక్కువమంది జారేది ఇక్కడే. "ది సిటీ వేర్ ఐ విజిటెడ్" తప్పు. "ది సిటీ వేర్ ఐ లివ్" ఒప్పు. రెండూ ఊరి గురించే కదా, తేడా ఎక్కడ? క్లాజును విడదీసి మామూలు వాక్యంగా రాసి చూడాలి. "ఐ విజిటెడ్ ది సిటీ": ఇక్కడ ఇన్, ఆన్ లాంటి ప్రిపోజిషన్ లేదు, సిటీ నేరుగా ఆబ్జెక్ట్. కాబట్టి విచ్ గానీ దట్ గానీ రావాలి. "ఐ లివ్ ఇన్ ది సిటీ": ఇక్కడ ఇన్ ఉంది. ఆ ఇన్‌నీ, సిటీనీ కలిపి మోసేదే వేర్. అంటే ముందున్న నామవాచకం మనిషా, వస్తువా, చోటా అన్నది ఒక్కటే చూస్తే చాలదు. క్లాజు లోపల అది చేస్తున్న పనేమిటో చూడాలి: సబ్జెక్టా, ఆబ్జెక్టా, ప్రిపోజిషన్ తర్వాత వచ్చేదా, సొంతదారా?

ఇలా విడదీసి చూసే అలవాటు ఉంటే ఇంకో తప్పూ దొరికిపోతుంది. "ది పెన్ విచ్ ఐ బాట్ ఇట్ ఈజ్ లాస్ట్" అని రాస్తుంటారు. "ఐ బాట్ ది పెన్" అన్న వాక్యంలోని పెన్ స్థానమే విచ్‌గా మారి ముందుకొచ్చింది. అది ఖాళీ చేసిన చోట మళ్లీ ఇట్ కూర్చోకూడదు.

తెలుగువాళ్లకు ఇక్కడ ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. "నేను చూసిన ఊరు", "నేను ఉన్న ఊరు", "నేను కూర్చున్న కుర్చీ", "నేను రాసే కలం". నాలుగింటికీ నిర్మాణం ఒకటే. ఊళ్లో, కుర్చీలో, కలంతో అనే విభక్తులు ఈ నిర్మాణంలో మాయమైపోతాయి, మనకు వెలితిగా అనిపించదు. ఇంగ్లిష్ వాటిని మాయం కానివ్వదు. "ది చైర్ ఐ శాట్" అంటే చాలదు, "ది చైర్ ఐ శాట్ ఆన్" అనాలి. "ది పెన్ ఐ రైట్ విత్", "ది మ్యాన్ ఐ స్పోక్ టు". ప్రిపోజిషన్ చివర రాకూడదన్న సలహా ఈ వెలితిని ఇంకా పెంచుతుంది: చివర పెట్టకూడదని తీసేస్తారు, ముందు పెట్టడం చేతకాదు, చివరికి ఎక్కడా ఉండదు.

ఆ సలహాకున్న బలం కూడా అంతంతమాత్రమే. 1672లో ఇంగ్లిష్ కవి జాన్ డ్రైడెన్, తనకంటే ముందుతరం నాటకకర్త బెన్ జాన్సన్ రాతలో ప్రిపోజిషన్ చివర రావడాన్ని లోపంగా ఎత్తిచూపాడు. ఆ తర్వాత బడి వ్యాకరణాల్లో అదొక నిషేధంలా పాతుకుపోయింది. భాష మాత్రం దాన్ని ఎప్పుడూ పూర్తిగా ఒప్పుకోలేదు. మాటల్లోనూ మామూలు రాతలోనూ చివర పెట్టడమే సహజం. లాంఛనంగా రాయాల్సినచోట ముందు పెట్టండి: "ది చైర్ ఆన్ విచ్ ఐ శాట్", "ది మ్యాన్ టు హూమ్ ఐ స్పోక్". ప్రిపోజిషన్ ముందుకొస్తే మూడు షరతులు: దట్ వాడకూడదు, విచ్‌నో హూమ్‌నో తీసెయ్యకూడదు, హూ బదులు హూమ్ రావాలి. లుక్ ఆఫ్టర్ లాంటి జంటలను మాత్రం విడదీయకండి. "ది చైల్డ్ ఆఫ్టర్ హూమ్ షీ లుక్స్" అని ఎవరూ అనరు.

"దట్ ఎక్కడైనా సరిపోతుంది" అనేది ఇప్పటికే ఒకచోట వీగిపోయింది: "ఆన్ దట్ ఐ శాట్" కుదరదు. రెండో చోటు, కామాల మధ్య ఇమిడే అదనపు సమాచారం. "మై ఫాదర్, దట్ ఈజ్ ఎ టీచర్," అని రాయకూడదు, హూ కావాలి. ఈ రెండూ కాకపోతే దట్ నిజంగానే చాలాచోట్ల ఒదుగుతుంది, మనుషులకు కూడా. "ది మ్యాన్ దట్ కాల్డ్ యు" తప్పని కొట్టేసేవాళ్లూ ఉన్నారు, అదీ సరికాదు.

ఇక తీసెయ్యడం. దీనికి సూత్రం చిన్నది. హూ, విచ్, దట్ తర్వాత వెంటనే వెర్బ్ వస్తే తీయకూడదు. ఇంకో నామవాచకమో సర్వనామమో వస్తే తీయొచ్చు. "ది బుక్ దట్ ఐ బాట్"లో దట్ తర్వాత ఐ ఉంది, తీసినా వాక్యం నిలుస్తుంది. "ది మ్యాన్ హూ కేమ్ యెస్టర్‌డే ఈజ్ మై అంకుల్"లో హూ తీస్తే "ది మ్యాన్ కేమ్ యెస్టర్‌డే ఈజ్ మై అంకుల్" మిగులుతుంది. చదివేవాడు కేమ్ దగ్గర వాక్యం అయిపోయిందనుకుంటాడు, ఈజ్ వచ్చేసరికి తడబడతాడు. "ది మ్యాన్ స్టాండింగ్ దేర్" అన్నది చూసి హూ తీసెయ్యొచ్చనుకోవడం కద్దు. అక్కడ హూ ఒక్కటే పోలేదు, దాని వెంట ఈజ్ కూడా పోయింది. రెండూ కలిసి పోవాలి. కామాలున్న క్లాజులో మాత్రం, తర్వాత ఏముందన్నదానితో పని లేకుండా, హూనీ విచ్‌నీ అలాగే ఉంచాలి.

"కామా ఊపిరి పీల్చుకోవడానికే" అనేది ఈ చిట్కాలన్నిటిలోకీ ఎక్కువ నష్టం చేసేది. ఒక ఆఫీసులో ఈ నోటీసు పెట్టారనుకోండి: "ఎంప్లాయీస్ హూ వర్క్ నైట్ షిఫ్ట్స్ విల్ గెట్ ఎ బోనస్." రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకే బోనస్, మిగతావాళ్లకు దీన్నిబట్టి వచ్చేదేమీ లేదు. ఇప్పుడు ఎంప్లాయీస్ తర్వాత ఒక కామా, షిఫ్ట్స్ తర్వాత ఒక కామా పెట్టండి. ఉద్యోగులందరూ రాత్రి షిఫ్టులే చేస్తున్నారు, అందరికీ బోనస్ అని అర్థం మారిపోతుంది. ఒక్క మాట కూడా మారలేదు, డబ్బు అందుకునేవాళ్లు మారిపోయారు. అలాగే "మై బ్రదర్ హూ వర్క్స్ ఇన్ ఎ బ్యాంక్" అంటే సాధారణంగా అన్నదమ్ములు ఇంకా ఉన్నారని, వాళ్లలో బ్యాంకులో పనిచేసే ఒకణ్ణి ఏరి చెబుతున్నారని. బ్రదర్ తర్వాత కామా పెడితే ఉన్నది ఒక్కడే, బ్యాంకు సంగతి అదనం.

పరీక్ష ఇది: క్లాజు తీసేసి వాక్యం చదవండి. "ఎవరు? ఏది?" అన్న ప్రశ్న పుడితే ఆ క్లాజు గుర్తుపట్టడానికి అవసరం, కామా వద్దు. ప్రశ్న పుట్టకపోతే అదనం, కామాలు కావాలి. వ్యక్తి పేరు తర్వాత సాధారణంగా కామా వచ్చేది అందుకే. పేరు చెప్పాక ఎవరన్న ప్రశ్న ఉండదు. అదనపు క్లాజు దగ్గర మాట్లాడేటప్పుడు చిన్న విరామం వస్తుంది, నిజమే. అలాగని విరామం వచ్చిన ప్రతిచోటా కామా కాదు. క్లాజు పొడుగైతే అవసరమైన దాని మధ్యలోనూ ఊపిరి తీసుకుంటాం. ఇంకో సంగతి: అదనపు క్లాజు వాక్యం మధ్యలో ఉంటే కామాలు రెండు. మొదటిది పెట్టి రెండోది మరిచిపోతే క్లాజు ఎక్కడ ముగిసిందో తెలియదు.

"విచ్ ముందు కామా లేకపోతే తప్పు" అనేది కొన్ని అమెరికన్ శైలి నియమావళుల ఇష్టం, వ్యాకరణం కాదు. గుర్తుపట్టే క్లాజుకు దట్, అదనపు క్లాజుకు విచ్ అని పంచుకుంటే తేటగా ఉంటుందని, ఇంగ్లిష్ వాడుక మీద నిఘంటువు రాసిన హెచ్. డబ్ల్యూ. ఫౌలర్ 1926లో సూచించాడు. చాలామంది రచయితలు గానీ, గొప్ప రచయితలు గానీ అలా పాటించడం లేదని కూడా ఆయనే ఒప్పుకున్నాడు. 1941 డిసెంబర్ 8న అమెరికా కాంగ్రెస్ ముందు అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పలికింది "ఎ డేట్ విచ్ విల్ లివ్ ఇన్ ఇన్ఫమీ". ఆ విచ్ ముందు కామా లేదు. మీరు రాసే సంస్థ నియమావళి దట్ అడిగితే దట్ రాయండి. ఇంకొకరు విచ్ రాస్తే మాత్రం ఎర్రగీత గీయకండి. కామా తప్పనిసరైన విచ్ వేరే ఉంది, ముందున్న వాక్యం మొత్తాన్ని అందుకునేది: "హీ పాస్డ్, విచ్ సర్‌ప్రైజ్డ్ అస్". ఇక్కడ విచ్ బదులు వాట్ రాయడం తప్పు.

హూజ్ సంగతి రెండు మాటల్లో అయిపోతుంది. "ఎ హౌస్ హూజ్ రూఫ్ లీక్స్" శుద్ధమైన ఇంగ్లిష్. వస్తువులకు ఈ వాడుక శతాబ్దాలుగా ఉంది. దీన్ని తప్పించడానికి "ది రూఫ్ ఆఫ్ విచ్" అని తిప్పి రాయొచ్చు గానీ, చాలాసార్లు వాక్యం బరువెక్కుతుంది. హూజ్ రాసేటప్పుడు చూసుకోవాల్సింది స్పెల్లింగ్: అపాస్ట్రఫీ పెడితే అది హూ ఈజ్ లేదా హూ హ్యాజ్ అవుతుంది.