ఇంటికి చేరని బడి కబురు

రాత్రి తొమ్మిదిన్నర దాటాక ఫోన్ మోగుతుంది. 'రేపు గ్రీన్ డే. పిల్లలు ఆకుపచ్చ డ్రెస్‌లో రావాలి. ఒక చార్ట్ పేపరు, రెండు రకాల ఆకులు తేవాలి.' యూసఫ్‌గూడలోనో చింతల్‌లోనో సందు చివరి స్టేషనరీ దుకాణం షట్టర్ అప్పటికే సగం దించి ఉంటుంది. దాని కింద నుంచి వంగి 'అన్నా, ఒక్క చార్ట్' అని అడుగుతున్న తండ్రి, బయట స్కూటర్ మీద నిద్రకు తూలుతున్న రెండో తరగతి పిల్ల. ఎందుకు, ఏమిటి అని దుకాణదారు అడగడు. అంతకు ముందే నలుగురు వచ్చి వెళ్లారు. ఆకుపచ్చ అయిపోయింది, పసుపుపచ్చ ఉంది, ఇమ్మంటారా?

హైదరాబాద్‌లో చిన్న పిల్లల తల్లిదండ్రులకు బడి నుంచి సమాచారం అందడం లేదంటే ఎవరూ నమ్మరు. వాట్సాప్ గ్రూపు, స్కూల్ యాప్, ఎస్సెమ్మెస్, డైరీలో అంటించిన చీటీ, అన్ని దారుల్లోనూ ఊపిరాడనంత వస్తోంది. ఫీజు గడువు ఎప్పుడో తెలియలేదని చెప్పుకునే అవకాశం ఏ తండ్రికీ లేదు. అయితే ఆ సందేశాలన్నిటినీ పిండితే మిగిలేవి మూడు మాటలు: తేండి, కట్టండి, సంతకం పెట్టండి. పిల్ల మధ్యాహ్నం డబ్బా ఖాళీ చేసిందా లేక పక్కపిల్లకు పెట్టిందా, కొత్తగా ఎవరితో జట్టు కట్టింది, పోయిన వారం 'ద'కు 'ధ'కు తేడా తెలియక ఏడ్చిన పిల్ల ఇప్పుడెలా ఉంది? ఈ కబురు మాత్రం రాదు.

పిల్లనే అడిగితే సరిపోతుంది కదా అనే వాళ్లుంటారు. అడిగి చూడండి. 'ఏం చేశారమ్మా ఇవాళ?' 'ఏం లేదు.' ఆరేళ్ల పిల్లకు పొద్దుటి నుంచి జరిగినదాన్ని వరసలో పెట్టి చెప్పడం రాదు. రాత్రి లైటు తీశాక, అమ్మ కళ్లు మూతలు పడుతున్నప్పుడు, 'మా టీచర్ కుర్చీ కింద పిల్లి పిల్లలు పెట్టింది తెలుసా' అని మొదలుపెడుతుంది. ఇవాళ క్లాసులో పిల్లి పిల్లలు పెట్టిందని సాయంత్రమే ఒక ముక్క ఇంటికి తెలిసుంటే, 'పిల్లులకు పాలు పోశారా' అని అడగడంతో ఆ ఇంట్లో గంటసేపు మాటలు నడిచేవి. బడి చెప్పాల్సింది మహా అయితే ఒక్క వాక్యం.

ఇదేదో టీచర్ల మంచితనానికి వదిలేసిన వ్యవహారం కాదు. 2009లో చేసిన, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లో టీచర్ల విధుల మధ్యనే దీన్నీ రాసి పెట్టింది. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశం కావాలి. బిడ్డ హాజరు ఎలా ఉంది, నేర్చుకునే శక్తి ఎంత, ఎంతవరకు నేర్చుకుంది, బిడ్డ గురించి తెలియాల్సినవి ఇంకేమున్నాయి, ఇవన్నీ వాళ్లకు చెప్పాలి. ఆ 'ఇంకేమున్నాయి' దగ్గరే మన బడులు ఆగిపోయాయి. పీటీఎం, అంటే తల్లిదండ్రులు టీచర్లను కలిసే సమావేశం రోజున ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. బరువుకు ఒరిగే ప్లాస్టిక్ కుర్చీల్లో వరస, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, రిజిస్టర్‌లో సంతకం, 'బాగానే చదువుతున్నాడు, హ్యాండ్‌రైటింగ్ కొంచెం చూడండి'. ఆఫీసులో సగం పూట సెలవు పెట్టి వచ్చిన తల్లి ఆ 'కొంచెం చూడండి' పట్టుకుని ఇంటికి పోతుంది.

టీచర్లను తిట్టిపోయడం తేలిక. కానీ అదే చట్టం అనుబంధం తెరిచి చూస్తే, ఐదో తరగతి వరకు అరవై మంది పిల్లలు దాటనంత కాలం ఇద్దరు టీచర్లు చాలంటుంది. ఐదు తరగతులకు ఇద్దరు! వారానికి 45 గంటల పని, పాఠానికి సిద్ధమయ్యే సమయం కూడా అందులోనే. తల్లిదండ్రులతో మాట్లాడటం విధి అని ఒక పేజీలో రాసిన చట్టమే, ఆ విధికి గంటలు పంచే పేజీలో దాని ఊసెత్తలేదు. సర్కారు బడిలో ఒక టీచరమ్మ ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూ, మూడో తరగతికి ఎక్కాలు చెప్పిస్తూ, మధ్యాహ్న భోజనం లెక్క రాసుకుంటూ, చిన్న తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కల పునాది వేసే తొలిమెట్టు కార్యక్రమం కింద ఎవరికి చదవడం వచ్చింది, ఎవరికి రాలేదు అన్న వివరాలూ నమోదు చేస్తుంది. 2022లో మొదలైన తొలిమెట్టు మంచి కార్యక్రమమే. ఫలానా పిల్లవాడు వాక్యం చదవగలుగుతున్నాడన్న సంగతి దాని పుణ్యమా అని పై అధికారులకు తెలుస్తోంది. పక్క వీధిలో ఉన్న వాళ్లమ్మకు తెలుస్తోందా అన్నదే మా ప్రశ్న.

2024 నవంబరునే గుర్తు చేసుకుందాం. తెలంగాణలో ఇంటింటి కుటుంబ సర్వేకు ప్రాథమిక పాఠశాలల టీచర్లను తీసుకోవడంతో వాళ్ల బడులు ఒంటిపూటకు మారాయి. మార్చిలో ఎండలకు వచ్చే ఒంటిపూట బడులకు ఇళ్లు అలవాటు పడ్డాయి, ఏటా ఆ సర్దుబాటు ముందే చేసుకుంటాయి. చలికాలంలో వచ్చిన ఒంటిపూట అలా కాదు. నాలుగిళ్లలో పని చేసుకుని మూడింటికి గానీ ఇల్లు చేరని తల్లికి, పిల్లవాడు ఒంటిగంటకే తాళం వేసిన గుమ్మం ముందు నిలబడతాడన్న కబురు ఒక రోజు ముందు తెలియడం ఎంత ముఖ్యమో సచివాలయంలో కూర్చుని ఊహించడం కష్టం. పేపర్లో వేశాం, టీవీలో వచ్చింది అంటే కుదరదు. మేం అచ్చు వేసిన వార్త ఆమె చేతికి పొట్లంగా చేరేసరికి వారం అవుతుంది.

పైగా బడి పంపే మెసేజ్ ఎవరి ఫోన్‌కు పోతోంది? చాలా బస్తీ ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఒక్కటే, అది తండ్రి జేబులో ఆటోతో పాటు ఊరంతా తిరుగుతుంది. ఏ భాషలో పోతోంది? ఇంగ్లిష్‌లో. ఇక్కడ తెలుగు ఇళ్ల పక్కనే ఉర్దూ ఇళ్లు, హిందీ ఇళ్లు, లంబాడీ మాట్లాడే ఇళ్లు, భవన నిర్మాణానికి ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. ఇంగ్లిష్ మీడియం బడిలో చేర్చిన పాపానికి తల్లిదండ్రులు కూడా ఇంగ్లిష్ మీడియం అయిపోవాలా? 'కైండ్లీ ఎన్ష్యూర్ యువర్ వార్డ్' అని మొదలయ్యే నోటీసును ఐదో తరగతి చదివే అక్క తమ్ముడి కోసం చదివి పెడుతుంది, తనకు అర్థమైనంత మేరకు.

ఇక డబ్బున్న బడుల్లో తలనొప్పి మరో రకం. క్లాసు గదిలో సీసీ కెమెరా పెట్టి, ఫోన్‌లో లైవ్ చూసుకోండని అడ్మిషన్లప్పుడు ఊరించే పద్ధతి మాకు నచ్చదు. ఒకమ్మాయి చీమిడి తుడుస్తున్న టీచరుకు, పైనుంచి ముప్పై ఇళ్లు చూస్తున్నాయని తెలిస్తే చెయ్యి పిల్ల మీద, కన్ను కెమెరా మీద ఉంటాయి. రక్షణ కోసం గేటు దగ్గర, మెట్ల దగ్గర, బస్సులో కెమెరా పెట్టుకోవచ్చు, కాదనం. అమ్మ ఆఫీసు మీటింగ్‌లో కూర్చుని కొడుకు పెన్సిల్ చెక్కుకోవడాన్ని చూస్తుంటే మాత్రం ఆ కొడుక్కి ఇంటికెళ్లి చెప్పుకోవడానికి సొంత రోజంటూ మిగలదు. ఫొటోల సంగతీ అంతే. బతుకమ్మ ఆడిన పిల్లల ఫొటోలను నలభై మంది ఉన్న గ్రూపులో పెట్టేస్తున్నారు, అక్కడి నుంచి ఎక్కడికి పోతాయో ఎవరికీ తెలియదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండని వారి వివరాలను వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. సంవత్సరానికి ఒకసారి ఆ సంతకం తీసుకోవడం ఏ బడికీ భారం కాదు.

తల్లిదండ్రులూ తక్కువ తినలేదు. రాత్రి పదకొండుకు 'మేడమ్, మా వాడి వాటర్ బాటిల్ మూత కనబడలేదు' అని మెసేజ్ పెట్టి, నీలం టిక్కులు పడ్డా జవాబు రాలేదని గ్రూపులో గొడవ పెట్టుకునే వాళ్లున్నారు. ఆ మేడమ్‌కూ ఇంట్లో ఇద్దరు పిల్లలుంటారు. సాయంత్రం ఆరు తర్వాత బడి మెసేజ్ పెట్టకూడదన్న నియమం ఉంటే మొదట చూసిన చార్ట్ పేపరు తండ్రికీ మేలే, ఈ మేడమ్‌కూ మేలే.

పొరుగు రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ 2024 డిసెంబరు 7న అన్ని సర్కారు బడుల్లో ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టింది. తల్లిదండ్రులు బడి గడప తొక్కడం పండుగలా జరగడం మంచిదే. కానీ పండుగ ఏడాదికోసారి, బడి రోజూ. మన దగ్గర కమిటీలకు కొరత లేదు. చట్టప్రకారం స్కూల్ యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి, మరమ్మతుల పని వాటికి అప్పగించారు. నల్లా, మరుగుదొడ్డి, సున్నం, కరెంటు తీగ గురించి అక్కడ మాట్లాడుకుంటారు, మాట్లాడుకోవాల్సిందే. పిల్లవాడి రోజు గురించి మాట్లాడుకునే చోటు కూడా అదే కావచ్చు.

పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. శుక్రవారం బడి వదిలే ముందు ముప్పై సెకన్ల వాయిస్ మెసేజ్, తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి: 'ఈ వారం కూడికలు మొదలుపెట్టాం, గింజలతో లెక్క పెట్టించాం, ఇంట్లో పల్లీలతో ఆడించండి.' చదువు రాని నానమ్మ కూడా వింటుంది. ఫోన్ లేని వాళ్ల కోసం గేటు పక్కన నల్లబోర్డు మీద అదే ముక్క సుద్దముక్కతో రాస్తే, సాయంత్రం పిల్లలను తీసుకెళ్లే ఆటో డ్రైవర్ కూడా చదివి నలుగురికి చెబుతాడు. దీనికి వారంలో ఒక పీరియడ్ టీచరు టైంటేబుల్‌లో వేసి, ఆ సమయంలో ఇంకే రిజిస్టరూ ముందు పెట్టకుండా ఉంటే చాలు.

జూన్‌లో బడులు తెరుస్తారు. అడ్మిషన్ ఫారంలో తండ్రి వృత్తికి, కులానికి, ఆధార్‌కు గళ్లు ఉంటాయి. ఇంట్లో మాట్లాడే భాష ఏది, ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది, ఏ వేళకు చేస్తే ఎత్తగలరు అని మరో మూడు గళ్లు వేయడానికి జీవో వచ్చేదాకా ఆగనక్కర్లేదు. హెడ్మాస్టరు స్కేలు పెట్టి పెన్నుతో గీసినా సరిపోతుంది.